బ్రేకు వేస్తే ఆగే ఆట

మా చర్చి సంఘంలోని యువతలో కొందరు ఈ మధ్య ఫోన్లలో ఆడే ఆటలు తయారుచేసే కంపెనీల్లో చేరారు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద నిలబడి వాళ్లు మాట్లాడుకునేది నా చెవిన పడుతూ ఉంటుంది. ఏదో ఆటకు అప్‌డేట్ ఇచ్చారట, ఆడేవాళ్లు తిట్టిపోస్తున్నారట. ఒకమ్మాయి నన్నే అడిగేసింది.

"తాతా, బొమ్మలు బాగుసేసినాం, స్పీడు పెంచినాం, కొత్త రోడ్లేసినాం. ఇంకేటి గావాలంట ఆలకి?"

అది మెట్ల మీద నిలబడి చెప్పేసే సంగతి కాదు. ఇంటికి వచ్చి ప్రార్థన చేసుకుని ఇది రాయడానికి కూర్చున్నాను. నాకు ప్రమోషన్లు లేవు, చేసిన పనికి కాగితాలూ లేవు. ఉన్నవల్లా కొన్ని పెట్టెలు, వాటి ముందు నిలబడిన కొందరు మనుషులు.

పెట్టెల పని

నేను ఏం పని చేస్తానో పదిమందికి చెప్పడానికి మా నాన్న చాలాకాలం ఇబ్బంది పడ్డాడు. ఆయన బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తోటివాళ్ల కొడుకులు ఒక్కొక్కరే రైల్వేలో చేరుతుంటే, రేడియో రిపేరు నేర్చుకున్న నేను ఎనభైల చివర్లో అక్కడి గోల్‌బజార్‌లో వీడియో గేమ్ పెట్టెలు బాగుచేసే మెకానిక్‌నయ్యాను.

ఆ పెట్టెలను ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. బీరువా అంత చెక్క పెట్టె, అందులో టీవీ గొట్టం, దాని కింద పట్టుకోవడానికి ఒక కర్ర, రెండు మూడు బొత్తాలు. కొట్టువాడి దగ్గర బిళ్ల కొనుక్కుని సందులో వేస్తే ఆట మొదలవుతుంది. ఆట ప్రాణమంతా లోపలి బోర్డు మీద గుచ్చిన చిప్పుల్లో ఉంటుంది. ఆటలో ఏదైనా మారాలంటే ఆ చిప్పులు పీకి కొత్తవి గుచ్చాలి. మీరు ఇవాళ అప్‌డేట్ అంటున్నది మాకు కలకత్తా నుంచి అట్టపెట్టెలో వచ్చేది. పాత చిప్పులు సప్లయరుకు తిరిగి ఇచ్చేయాలి. అతను వాటిని చెరిపేసి మరో ఆట నింపుకునేవాడు. అందుకని మార్చాక వెనక్కి వెళ్లే దారి ఉండేది కాదు.

సంఘపెద్ద ఒకాయన నన్ను ఆపి మందలించాడు. "దేవుని బిడ్డవి, ఆ జూదం కొట్లో నీకు పనేటిరా?"

"జూదం కాదు పెద్దయ్యా. గెలిసినా పైసా రాదు. ఇంకాసేపు ఆడనిస్తాది, అంతే."

"పైసా రాకపోతే మరెందుకాడతారు?"

"అదే నాకూ తెల్దు. సూస్తన్నాను."

ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు. నేను మాత్రం నిజమే చెప్పాను. టంకం వేయడం ఎవరైనా నేర్చుకుంటారు. ఈ పనిలో అసలైనది ఆ చూడటమే.

సాహా దాదా

కొట్టు యజమాని సాహా దాదా. బెంగాలీ. ఎప్పటినుంచో గోల్‌బజార్‌లో మా తెలుగువాళ్లకు బట్టలమ్మిన కుటుంబం కాబట్టి తెలుగు మా అంత ధారాళంగా మాట్లాడేవాడు. నేను పనిచేసిన యజమానుల్లో ఇంత ఉదారుడు లేడు. ఆదివారం ఆరాధన అయ్యేదాకా నన్ను పిలవకూడదని మొదటిరోజే షరతు పెడితే, "ఠీక్ హై, అప్పటిదాకా నీ పెద్ద మాలిక్ డ్యూటీ" అన్నాడు, పైకి చూపిస్తూ. ఆ మాట ఎన్నడూ తప్పలేదు.

ఆయనలో ఒక్కటే లోపం. కొత్తది అన్న మాట వింటే నిలవలేడు. బట్టల వ్యాపారం నేర్పిన బుద్ధి అది. పాత డిజైను చీర మళ్లీ ఎవరు కొంటారు అనేవాడు. ఆటను చీరలాగే చూశాడు.

ఆట చీర కాదని నాకు మొదట చెప్పింది ఊరి పక్కనున్న సాలువా క్యాంపు పోలీసు జవాన్లు. సెలవు దొరికితే గుంపుగా వచ్చేవాళ్లు. అందులో ఒకతను ఒక్క బిళ్లతో పెట్టెను పట్టుకుని వదిలేవాడు కాదు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారని దాదా నాతో ఆటను కాస్త కష్టం చేయించాడు. బోర్డు మీద చిన్న చిన్న మీటలుంటాయి, ఒకటి కిందికి నొక్కితే సరి. తెర మీద ఏ తేడా కనిపించదు. ఆ జవాను వచ్చి కర్ర పట్టుకుని, ఆట ఇంకా ఊపందుకోకముందే నా వైపు తిరిగాడు.

"మిస్త్రీ, క్యా కియా? ఏ మేరా వాలా నహీ హై."

ఏం చేశావు, ఇది నాది కాదు అన్నాడు. కొట్టు సాహా దాదాది, పెట్టె ఆయనది, బోర్డు కలకత్తావాడిది. కానీ ఆ జవాను నోట వచ్చిన మాట "నాది". నేను ఆ మీట మళ్లీ పైకెత్తేశాను. ఆట ఎవరి చేతుల్లో ఉంటే వాళ్లదే అవుతుందని అప్పుడు అర్థమైంది. దాన్ని ఎంతగా నమ్మాలో తెలియడానికి ఇంకా టైము పట్టింది.

సామేలు అన్న

సామేలు అన్న మా సంఘంవాడు. గూడ్సు బండి డ్రైవరు. పూరీ గేట్ దగ్గర క్వార్టర్లో ఉండేవాడు. గుడిలో డోలక్ కొట్టేవాడు. ఆయన డోలక్ పట్టుకుంటే పాట ఎవరు తప్పినా తాళం తప్పేది కాదు.

ఒకరోజు పట్టపగలే ఆయన బండి కింద ఒక మనిషి పడ్డాడు. గేటు లేనిచోట లైను దాటబోయాడు. సామేలు అన్న విజిల్ కొట్టాడు, బ్రేకు వేశాడు. లోడుతో ఉన్న గూడ్సు ఆగాల్సినచోట ఆగదు. విచారణలో ఆయన తప్పేమీ లేదని తేల్చారు. ఆ తీర్పును ఆయన చెయ్యి మాత్రం ఒప్పుకోలేదు. కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. డోలక్ మూలన పెట్టేశాడు. రైల్వే డాక్టరు సిక్కులో పెట్టి, అంటే డ్యూటీ మాన్పించి, కొంత గడువు చూస్తామన్నాడు. ఆలోగా చెయ్యి కుదుటపడకపోతే ఇంజను నుంచి దించి ఆఫీసులో బల్ల ముందు కూర్చోబెడతారు. ఇంజను మీద బతికినవాడికి అది ఎలా ఉంటుందో మా ఊళ్లో ఎవరికీ వివరించక్కర్లేదు.

సంఘమంతా ఆయన కోసం ప్రార్థించింది. ఆ రోజుల్లోనే ఒకసారి నన్ను వెతుక్కుంటూ కొట్టుకు వచ్చి, ఊరికే నిలబడి చూసి, రోడ్డు ఆట ముందు ఆగాడు. పైనుంచి చూసినట్టుగా ఒక రోడ్డు కిందికి జరుగుతూ ఉంటుంది. మన కారును కర్రతో అటూ ఇటూ తిప్పుకుంటూ, అడ్డం వచ్చినవాటిని తప్పించుకుంటూ, బొత్తాం నొక్కి బ్రేకు వేసుకుంటూ పోవాలి. పాతకాలం ఆట. కుర్రాళ్లు దాని వంక చూసేవారు కాదు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత రోజూ. మిగతా పెట్టెలేవీ ముట్టేవాడు కాదు. స్కోరు చూసుకునేవాడు కాదు. రోడ్డు ఖాళీగా ఉన్నా మధ్యమధ్య బ్రేకు నొక్కి, కారు ఆగడం చూసి, మళ్లీ నడిపేవాడు.

"ఏటన్నా, ఇంత మంచి రోడ్డుంటే ఆపుతావేటి?" అన్నాను.

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇందులో బ్రేకేస్తే ఆగుతాది, తమ్ముడూ."



కొన్నాళ్లకు ఆయన భార్య రాహేలు వదిన గుడి దగ్గర నన్ను పక్కకు పిలిచింది. "నీ పెట్టి కాడ కూకుని వచ్చినరోజు టీ గ్లాసు ఒలకట్లేదు తమ్ముడూ. దేవుడు ఏ దారిన పంపుతాడో మనకేటి తెలుసు. ఆ పెట్టి మాత్రం పాడవకుండా సూసుకో."

చూసుకుంటానన్నాను.

జీతాల వారం

ఆ పెట్టెకే కొత్త చిప్పులు వచ్చాయి. అదే రోడ్డు ఆట, కొత్త రకం. రంగులు ముచ్చటగా ఉన్నాయి, వాన పడుతుంది, పక్క సందుల్లోంచి బళ్లు చటుక్కున వస్తాయి, బ్రేకు వేస్తే కారు జారుతుంది. "నిజం రోడ్డు లాగుంది!" అని సాహా దాదా చప్పట్లు కొట్టాడు. నాకూ నచ్చింది. ఆ ఆట చేసినవాడెవడో పనిమంతుడు. అందులో అబద్ధం లేదు. నేనే చిప్పులు గుచ్చి, పాతవి కలకత్తా మనిషికి అప్పగించాను. పెట్టె పాడవలేదు కదా, వదినకిచ్చిన మాట తప్పుతున్నానని తట్టనే లేదు. కుర్రాళ్లు మూగారు.

సామేలు అన్న వచ్చి ఎప్పటిలా కూర్చున్నాడు. వాన చూసి, "బాగున్నాదిరా" అన్నాడు. సందులోంచి ఒక బండి వచ్చింది. బ్రేకు నొక్కాడు. కారు ఆగలేదు, జారుకుంటూ వెళ్లి గుద్దేసింది. ఆయన కర్ర వదిలేశాడు. లేచి, నా ముఖం చూడకుండా బయటికి నడిచి, రిక్షాల మధ్యన కలిసిపోయాడు. మళ్లీ రాలేదు.

నేను దాదాతో చెప్పాను. ఆయన వాకిట్లో గుంపును చూపించాడు. "ఒక్క మనిషి పోయాడు మిస్త్రీ, పాతికమంది వచ్చారు. దేఖో!"

గుంపు కళ్లెదురుగా ఉంది.  మా ఇద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. అది రైల్వేలో జీతాలిచ్చే వారం. ఖరగ్‌పూర్‌లో ఆ వారం మిఠాయి కొట్టూ నిండుతుంది, చేపల బజారూ నిండుతుంది, గొడుగులు బాగుచేసేవాడి దగ్గరా వరస ఉంటుంది. మేము మాత్రం ఆ జనమంతా కొత్త చిప్పుల కోసమే వచ్చారనుకున్నాం. గోల్‌బజార్‌లో పుట్టి పెరిగిన ఇద్దరం చేసిన పొరపాటు అది. వేరే ఊరివాడు చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు.

జీతాల వారం దాటింది. కుర్రాళ్లు పక్క కొట్టులో వచ్చిన మరో కొత్తదానికి పోయారు. అప్పుడు చూస్తే, ఆ పెట్టె దగ్గరికి రోజూ వచ్చే నిలకడైనవాళ్లు కనబడలేదు. డ్యూటీ దిగి వచ్చే గార్డు, పార్సిల్ ఆఫీసు గుమాస్తా, స్కూలు వదిలాక వచ్చే డ్రిల్ మాస్టరు, ఒక్కరూ లేరు.

"ఎక్కడికి పోయారు మిస్త్రీ నా మనుషులు?" అని దాదా స్టూలు మీద కూలబడ్డాడు.

నాకు మా గుడి గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట కోస్తా నుంచి కొత్త పాస్టరుగారు వచ్చి, మేము తరాలుగా పాడుకునే ఒక కీర్తనకు కొత్త రాగం నేర్పారు. రాగం మంచిదే, మాటలూ అవే. వెనక వరసలో ముసలమ్మలు మాత్రం పెదవులు మూసుకున్నారు. కళ్లు కనబడని వాళ్లు, చదువు రాని వాళ్లు. ఆ కీర్తన వాళ్లకు పుస్తకంలో లేదు, రాగంలో ఉంది. రాగం మార్చగానే వాళ్ల చేతిలోంచి పాట లాక్కున్నట్టయింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ గుడి మానలేదు. పాట తగ్గింది, అంతే. మన పనిలో కోపంగా తిట్టేవాడు ఇంకా మనవాడే. నోరు మూసుకుని వెళ్లినవాడి గురించి భయపడాలి.

కాలిన బోర్డు

పాత చిప్పుల కోసం కలకత్తా వెళ్లాను. అప్పటికే చెరిపేశారు. తిరుగుబండిలో కూర్చుని, దేవా, నువ్వే దారి చూపించు అని మనసులోనే మొరపెట్టుకున్నాను. బండి స్టేషన్లోకి వస్తుంటే, మూసేసిన ఏదో కొట్టు నుంచి స్పేరు సామాను కింద దాదా తెచ్చిపడేసిన బోర్డు గుర్తొచ్చింది. అందులోనూ ఇదే పాత రోడ్డు ఆట. పిడుగు పడి కాలిపోయిందని అటక మీద పారేశాం.

దించి చూస్తే ఒక పక్కంతా నల్లగా మాడి ఉంది. రాగి గీతలు లేచిపోయాయి. కానీ ఆట ఉన్న చిప్పులు బతికే ఉన్నాయి. వాటిని మా పెట్టెలో గుచ్చితే కొత్త ఆట పోతుంది, దానికి దాదా ఒప్పుకోడు. తెగిన ప్రతి గీత చోటా వెంట్రుకంత తీగ పరిచి టంకం వేసుకుంటూ వచ్చాను. ఏ తీగ దేనికి పోతుందో చెప్పే బొమ్మ ఎవరి దగ్గరా లేదు. బాగున్న ఆ కొత్త ఆట బోర్డును పక్కన పెట్టుకుని, ఒక్కో చోటా పోల్చుకుంటూ వెతుక్కున్నాను. ప్రతి పూటా పని మొదలుపెట్టేముందు చేతులు కట్టుకుని ప్రార్థించాను. ఇంత చిన్న తీగకు దేవుణ్ణి పిలవాలా అని నవ్వేవాళ్లున్నారు. మనిషి వేలికి ఆయన గీసిన గీతలు చూసినవాడు అలా నవ్వడు.

తెర మీద ఆ పాత వెలిసిపోయిన రోడ్డు కదిలిన క్షణంలో కలిగిన సంతోషం నా వృత్తిలో మళ్లీ కలగలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. శబ్దం మాత్రం రాలేదు. ఆ భాగం పూర్తిగా బూడిదైంది.

"మూగ పెట్టె ఎవడాడతాడు? చోటు దండగ" అన్నాడు దాదా.

"ఒక్కడాడతాడు దాదా. ఆడు ఆడితే, మిగతా ముగ్గురూ తిరిగొస్తారు. రాకపోతే నేనే అటకెక్కించేస్తాను."

ఆయన ఖాళీ అయిన కొట్టును ఒకసారి చూశాడు. "ఆ మూల పెట్టు. ముందు వరసలో మాత్రం కాదు."

రోడ్డు నేర్చుకోవడం

పూరీ గేట్ వెళ్లాను. సామేలు అన్న అరుగు మీద, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. డాక్టరు పిలిచే రోజు దగ్గరపడింది. రాహేలు వదిన తలుపు దగ్గర నిలబడింది. పాత ఆట వచ్చిందని చెప్పాను.

 ఆయన ఒక్కసారిగా అందుకున్నాడు.

"మా లైన్లో ఒక్క సిగ్నలు స్తంభం ఇటునుంచి అటు మారిస్తే, ముందు మాకు సెప్తారు. కొత్త రోడ్డంటే, అదే కొత్త లైనంటే, తెలిసిన డ్రైవరు పక్కన కూకోబెట్టి కొన్ని ట్రిప్పులు తిప్పుతారు. రోడ్డొచ్చిందని నేను సంతకం పెడితేనే నా సేతికి బండిస్తారు. నువ్వేటి సేసినావు? నిన్న ఆగిన బ్రేకు ఇయాల ఆగదని ఒక్క ముక్క సెప్పినావా?"

"లేదన్నా."

"సెప్పుంటే ఆడకపోదును. లేపోతే నేర్సుకుందును. ఏదోటి నా సేతిలో ఉండును."

వదిన అందుకుంది. "ఇంక సాల్లెండి. కాలిపోనాది బతికించి తెచ్చినాడు. లేచి సొక్కా ఏసుకోండి."

ఆయన వచ్చాడు. మూలనున్న పెట్టె ముందు కూర్చుని బ్రేకు నొక్కాడు. కారు ఆగింది. మరోసారి నొక్కాడు. ఆగింది. చుట్టూ చూశాడు.

"గొంతేటైపోనాదిరా దీనికి?"

"పిడుగు పట్టుకుపోనాదన్నా."

"పోనీలే. ఇంజను సౌండు నాకొచ్చు కదా" అని నోటితో మొదలుపెట్టాడు. పక్కన ఆడుతున్నవాళ్లు ఆట మాని నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

కొన్నాళ్లు అలా గడిచాయి. గార్డు వచ్చాడు, గుమాస్తా వచ్చాడు, డ్రిల్ మాస్టరూ వచ్చాడు. ఒకరోజు సామేలు అన్న పాత పెట్టె దగ్గర కూర్చోకుండా కొత్తదాని పక్కకు స్టూలు లాక్కున్నాడు.

"నువ్వు ఆడు. నేను సూస్తాను. రోడ్డు నేర్పు."

ఆడాను. మెకానిక్ అయినంత మాత్రాన ఆటగాడు కాడు. వరసగా గుద్దేశాను.

"ఏటి తమ్ముడూ, పెట్టి నువ్వే కట్టినట్టు తిరుగుతావు, ఇదా నీ డ్రైవరీ? మా బొగ్గేసే ఫైర్‌మేనయినా నయం" అంటూనే చూపు మాత్రం తెర మీదే ఉంచాడు. కాసేపటికి, "ఆ సందు కాడికి రాకముందే ఆ నీడ కదుల్తాది, సూడు" అన్నాడు. ఇంకాసేపటికి, "బండి కనబడ్డాక బ్రేకేస్తే ఆగదు. నీడ కనబడ్డప్పుడే పట్టాల" అన్నాడు. ఆ పూట కర్ర ముట్టకుండానే ఇంటికి వెళ్లాడు.

మర్నాడూ చూశాడు. ఆ మర్నాడు నన్ను లేవమన్నాడు. మొదటి సందు దగ్గర కారు జారి గుద్దుకుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను లోపల ప్రార్థిస్తున్నాను. పైకి మాత్రం "నీడ కదిలినాది కదన్నా" అన్నాను. కళ్లు తెరిచి మరో బిళ్ల వేశాడు. ఈసారి నీడ కదలగానే బ్రేకు పట్టాడు. కారు జారింది, జారుతూ జారుతూ ఆ బండికి వెంట్రుకవాసిలో ఆగింది.

"నిజం బండీ ఇంతే కదరా. అన్నిసార్లూ ఆగదు" అన్నాడు, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "ఆగనప్పుడు ఆగలేదు. నేను మాత్రం బ్రేకేసినాను."

కర్ర మీద ఉన్న ఆయన కుడిచెయ్యి చూశాను. వణకడం లేదు.

నేర్చుకున్నది

అప్పటినుంచి మా కొట్టులో ఏ ఆట మార్చినా పద్ధతి ఒకటే. జీతాల వారంలో మార్చం. గుమ్మంలో పలక మీద తెలుగులో, బెంగాలీలో, హిందీలో ముందే రాస్తాం, ఏది మారిందో, ఏది మారలేదో. మొదటిరోజు నేను ఆడతాను, రోజూ వచ్చేవాళ్లు పక్కన కూర్చుని రోడ్డు నేర్చుకుంటారు. నా చేతకానితనం చూసి నవ్వుకోవడానికే సగంమంది వచ్చేవారు. పాతది కొన్నాళ్లు పక్కనే ఉంచుతాం. ఇళ్లలోకి టీవీ గేములు వచ్చి మా లాంటి కొట్లన్నీ మూతపడేదాకా సాహా దాదా ఆ పద్ధతి తప్పలేదు. పలక మీద అక్షరాలు ఆయనే దిద్దేవాడు.

ఆటలు తయారుచేసే పిల్లలారా, మీరు మార్చేది మంచిదే కావచ్చు. కొత్త రోడ్డు ఆట పాతదానికంటే నిజమైనది, సామేలు అన్నను ఇంజను దాకా నడిపించింది చివరికి అదే. కానీ పాతది ఆయన్ను ఆ స్టూలు దాకా తీసుకురాకపోతే కొత్తదానికి ఆయన దొరికేవాడే కాదు. మనిషి ఒక ఆటను ఎందుకు ప్రేమిస్తున్నాడో మీకు తెలియదు, చాలాసార్లు అతనికే తెలియదు. తెలిసిన దేవుడు దాన్ని కొంతకాలం మీ చేతుల్లో పెట్టాడు. చెప్పి మార్చండి. పక్కన కూర్చుని మార్చండి.

రైల్వే డాక్టరు సామేలు అన్న డ్యూటీకి ఫిట్ అని రాశాడు. మొదట మరో డ్రైవరు పక్కన కొన్ని ట్రిప్పులు తిరిగాడు, తర్వాత ఆయన చేతికే బండి ఇచ్చారు. ఆ ఆదివారం డోలక్ మూలనుంచి బయటికి వచ్చింది. ఆ తర్వాత ఆయన కొట్టుకు ఆడటానికి రాలేదు, తీరిక ఉన్నప్పుడు టీ తాగడానికి వచ్చేవాడు. ఒకసారి దాదా చోటు సరిపోవడం లేదని గొణుగుతుంటే, ఆ మూగ పెట్టె ఇక తీసేద్దామా అని సామేలు అన్ననే అడిగాను.

ఆయన వెళ్లి దాని బ్రేకు బొత్తాం ఒకసారి నొక్కి చూసి, వెనక్కి వచ్చాడు.

"తియ్యకు తమ్ముడూ. నాకింక అక్కర్లేదు. ఇంకెవుడి సెయ్యి వణుకుతున్నాదో మనకేటి తెలుసు."